అట్లీ పంచింది ఉచితాలేనా?

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఈ నెలలోనే మూడుసార్లు వచ్చిన మెసేజ్ ఇది: "యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను ఓడించడానికి 1945లో అట్లీ అన్నీ ఫ్రీ అన్నాడు. గెలిచాక అమెరికా ఇచ్చిన డబ్బు తెచ్చి పంచాడు. జనం పని మానేశారు. అంత పెద్ద సామ్రాజ్యం అలా కూలిపోయింది." బ్రిటన్ ఎన్నికల్లో లేబర్ పార్టీ నాయకుడు క్లెమెంట్ అట్లీ గెలిచిన మాట, ప్రధానిగా ఉన్న చర్చిల్ ఓడిన మాట నిజమే. మిగతాది మాత్రం ఒప్పుకోను. పెన్షన్ అడిగిన ముసలివాళ్లను సోమరులనడానికి దీన్ని వాడుతున్నారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నా.

ఎన్నికల కోసం ఈ పథకాలన్నీ అట్లీ పుట్టించాడన్నది మొదటి మాట. సంక్షేమ రాజ్యానికి నమూనా గీసిన బెవరిడ్జ్ నివేదిక 1942 డిసెంబర్‌లో వచ్చింది. ఎన్నికలకు ఇంకా రెండున్నరేళ్లుంది, అప్పుడు ప్రధాని చర్చిలే. రాసిన విలియం బెవరిడ్జ్ లేబర్ పార్టీ మనిషి కూడా కాదు, లిబరల్. (ఆయన పుట్టింది 1879లో, బెంగాల్‌లోని రంగపూర్‌లో. తండ్రి అక్కడ జడ్జి.) ఇన్సూరెన్స్ లెక్కలతో నిండిన ఒక ప్రభుత్వ నివేదిక, సంక్షిప్త ప్రతితో కలిపి, ఆరు లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. బాంబుల కింద బతుకుతున్న జనం దాన్ని క్యూలో నిలబడి కొన్నారంటే వాళ్లు ముందు ఎలాంటి రోజులు చూశారో ఆలోచించండి. 1930లలో నిరుద్యోగ భృతి కోసం వెళ్తే అధికారి ఇంటికొచ్చి ఎవరెంత సంపాదిస్తున్నారో, ఇంట్లో ఏముందో ఆరా తీసేవాడు, కొడుకు నాలుగు డబ్బులు తెస్తున్నాడని తెలిస్తే తండ్రికి వచ్చేది కోసేవాళ్లు. ఆ అవమానాన్ని ఆ తరం మరిచిపోలేదు. పైగా 1939 సెప్టెంబర్‌లో బాంబుల భయంతో దాదాపు 15 లక్షల మంది పిల్లల్ని, తల్లుల్ని నగరాల నుంచి పల్లెలకు పంపినప్పుడు, మురికివాడల పిల్లలు ఎంత బక్కచిక్కి ఉన్నారో డబ్బున్నవాళ్లు తమ ఇళ్లలోనే కళ్లారా చూశారు.

అసలు 70 ఏళ్లు దాటిన పేదలకు పెన్షన్ చట్టం 1908లోనే వచ్చింది, కార్మికులకు ఆరోగ్య బీమా 1911లో. అంతకుముందే 1880లలో జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ ఇలాంటివి తెచ్చాడు, ఆయన్ని వామపక్షం అని ఎవరూ అనలేరు కదా! 1944 విద్యా చట్టం, 1945 కుటుంబ భత్యాల చట్టం చర్చిల్ ప్రధానిగా ఉండగానే పాసయ్యాయి. అలాగని అన్ని పార్టీలూ చేతులు కలిపి చేశాయనీ అనను. జాతీయ ఆరోగ్య సేవ బిల్లుకు చర్చిల్ పార్టీవాళ్లైన కన్సర్వేటివ్‌లు పార్లమెంటులో వ్యతిరేకంగా ఓటేశారు, 1948 మొదట్లో డాక్టర్ల సంఘం పెట్టిన ఓటింగ్‌లో పదింట తొమ్మిది మంది వద్దన్నారు. వాళ్లతో బేరమాడి, కొంత తగ్గి, చివరికి సాధించిన ఘనత ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్‌దే.

"అన్నీ ఫ్రీ" అన్నదాని దగ్గరే నాకు బాగా కోపం వస్తుంది. మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. ప్రతి నెలా జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉండేది, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ కార్డు పట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లేవాళ్లం. దాన్ని మాకెవరూ ఉచితం అనలేదు. 1948 జూలై 5న బ్రిటన్‌లో మొదలైన జాతీయ బీమా కూడా ఇలాంటిదే. ఉద్యోగం చేసే మగవాడి జీతంలోంచి వారానికి 4 షిల్లింగుల 11 పెన్నీలు పోయేవి, యజమాని వాటా వేరు. పని పోతే ఒంటరి మనిషికి వచ్చేది వారానికి 26 షిల్లింగులు, అదీ మామూలుగా 180 రోజుల వరకే. వైద్యం మాత్రం ఎక్కువగా పన్నుల డబ్బుతో నడిచింది, ఖర్చు మొదట్లో వేసిన అంచనా దాటిన మాటా నిజం. 1951లో కళ్లద్దాలకీ కట్టుడు పళ్లకీ రుసుం పెడుతుంటే బెవన్ రాజీనామా చేశాడు. ఆ రుసుం పెట్టింది కూడా అట్లీ ప్రభుత్వమే.

అమెరికా డబ్బు సంగతికి తేదీలు చూస్తే చాలు. జాతీయ బీమా చట్టం, ఆరోగ్య సేవ చట్టం రెండూ 1946లోవి. అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ ఐరోపాకు సాయం గురించి ప్రసంగించింది 1947 జూన్‌లో, చట్టం అయింది 1948 ఏప్రిల్‌లో. అంతకుముందు, 1945 చివర్లో, 375 కోట్ల డాలర్లు తీసుకున్నారు. అది రెండు శాతం వడ్డీకి తెచ్చిన అప్పు, ఆఖరి వాయిదా 2006 డిసెంబర్‌లో కట్టారు. ఆ అప్పు లేకపోతే ఆ రోజులు గడిచేవి కావు, సాయం అందలేదని నేననడం లేదు. కానీ యుద్ధంలో కూడా లేని బ్రెడ్డు రేషన్ 1946 నుంచి రెండేళ్లు పెట్టుకున్న దేశం పంచుకు తినేసిందనడం అన్యాయం.

జనం పని మానేశారా? 1932లో బీమా ఉన్న కార్మికుల్లో ఐదుగురిలో ఒకరికి పైగా పని లేదు, అప్పుడింత సంక్షేమం లేదు. 1950లలో చాలా ఏళ్లు నిరుద్యోగం రెండు శాతం లోపే. కార్మికులు సరిపోక కరీబియన్ నుంచి, మన ఉపఖండం నుంచి మనుషుల్ని రానిచ్చారు, ఆస్పత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా పనిచేసినవాళ్లలో వాళ్లెంతమందో!

ఇక సామ్రాజ్యం. మనకు స్వాతంత్ర్యం 1947 ఆగస్టు 15న వచ్చింది. ఆ బీమా, ఆ ఆస్పత్రులు మొదలైంది ఇంకో పదకొండు నెలలకు. యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ మనకే సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. మన సైన్యానికి, మన సరుకుకు అయిన ఖర్చది. దాని కోసం ఇక్కడ నోట్లు అచ్చేస్తూ పోతే ధరలు మండిపోయాయి, 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. సామ్రాజ్యం లెక్కలు తీసేవాళ్లు ఆ మెసేజ్‌లో ఈ లెక్క కూడా రాయండి.