సవరణ: ఆ ద్వయం లియో వైనర్‌ది కాదు, లాస్లో వైనర్‌ది

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య హంగేరీ యూదు స్వరకర్తల గురించి రాసినప్పుడు, 1939 నాటి వయొలిన్–వయొలా ద్వయాన్ని (వయొలిన్‌కూ, దానికన్నా కాస్త పెద్దదై మంద్రంగా పలికే వయొలాకూ కలిపి రాసిన కృతిని) లియో వైనర్ పేరిట చెప్పాం. తప్పు. అది లాస్లో వైనర్ రచన. ఇద్దరూ ‘ఎల్. వైనర్’లే కాబట్టి కేటలాగుల్లో కలిసిపోతారు. పుట్టిన ఏడు చూడండి: లియో 1885, లాస్లో 1916. కూలిడ్జ్ బహుమతి (అమెరికాలోని సంగీత బహుమతి) పొందిన ఎఫ్ షార్ప్ మైనర్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల కృతి), ఓపస్ (రచనా సంఖ్య) 13, లియోదే. ఆయన 1960 దాకా ఉన్నారు. హంగేరీ స్వరకర్త కొడాయ్ శిష్యుడైన లాస్లో ప్రాణాలు 1944లో లుకోవ్ నిర్బంధ శ్రమ శిబిరంలో పోయాయి. మిగిలినవే కొద్ది రచనలు, వాటిలో ఒకదాన్ని ఇంకొకరి ఖాతాలో వేశాం. క్షమించాలి.

వయొలా లేకపోతే ఆ ద్వయాన్ని రెండు వయొలిన్లతో వాయించి సరిపెట్టుకోవచ్చని కూడా అన్నాం. కుదరదు. వయొలా అడుగు తీగ సి. వయొలిన్ అడుగు తీగ జి. సి షడ్జమైతే జి పంచమం. ఆ అడుగు సి నుంచి జి దాకా ఉన్న మంద్ర స్వరాలు, జి తప్ప, వయొలిన్‌లో లేనే లేవు.