మంచమెక్కితేనే బీమానా?

ఆరోగ్య బీమా పాలసీ పత్రం చివరి పుటల్లో, ఎవరి కళ్లూ అంతగా పడని చోట, కంపెనీ డబ్బు చెల్లించని వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది. 68 అంశాల ఆ పట్టికలో నాలుగోది బెల్టులు, బ్రేసులు. దానికి పైన బ్యూటీ సర్వీసులు, కింద బడ్స్, ఇంకాస్త దిగితే లాండ్రీ ఖర్చులు, మినరల్ వాటర్. పోలియో సోకిన కాలిని నిలబెట్టే క్యాలిపర్ అనే బ్రేసుకు మన బీమా వ్యవస్థ చూపించిన ఇరుగుపొరుగు ఇది. మోకాలి బ్రేసులను అదే జాబితాలో మరోసారి విడిగా పేర్కొన్నారు, ఏ ఒక్కటీ తప్పించుకోకూడదన్నట్టు. ఈ ప్రామాణిక జాబితాను ఖరారు చేసిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది.

క్యాలిపర్ ఒకసారి కొంటే జీవితాంతం వచ్చేది కాదు. తోలు పట్టీలు చెమటకు చీకిపోతాయి, మోకాలి దగ్గరి కీలు వదులవుతుంది, లాక్ సరిగా పడదు. నడుస్తుండగా ఆ లాక్ ఊడి మనిషి పడిపోయి తుంటి ఎముక విరిగితే, అదే బీమా కంపెనీ శస్త్రచికిత్సకు, ఎముకలో బిగించే రాడ్డుకు, గది అద్దెకు లక్షల్లో చెల్లిస్తుంది. చర్మం లోపలి లోహానికి డబ్బు వస్తుంది, చర్మం బయటి లోహానికి రాదు. ఈ తేడాకు వైద్యపరమైన కారణం నాకైతే కనిపించలేదు.

బీమా ఉన్నది అనుకోని నష్టానికే తప్ప, ఎలాగూ జరిగే అరుగుదలకు కాదని, దాన్నీ కలిపితే అందరి ప్రీమియం పెరుగుతుందని కంపెనీల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. మరి డయాలసిస్ మాటేమిటి? మూత్రపిండాలు పూర్తిగా పాడైన వ్యక్తికి వారానికి రెండు మూడుసార్లు ఆ చికిత్స తప్పదని కంపెనీకీ తెలుసు, అయినా డే కేర్ కింద, అంటే ఒక రోజంతా ఆసుపత్రిలో ఉండనక్కర్లేని చికిత్సగా, చెల్లిస్తోంది. అక్కడ అడ్డురాని 'అనుకోని నష్టం' సూత్రం కాలి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు గుర్తుకొస్తోంది? పైగా ఉపకరణాలు అరిగిపోతాయన్న సంగతి ప్రభుత్వానికి కొత్త కాదు. వికలాంగులకు ఉపకరణాలు అందించేందుకు కేంద్రం అమలు చేసే అడిప్ పథకంలో మూడేళ్లు గడిస్తే అదే అవసరానికి మళ్లీ సాయం కోరవచ్చు, ఎదిగే వయసు కనుక 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాదికే. అయితే ఆ పథకానికి ఆదాయ పరిమితి ఉంది. ఆ గీతకు కాస్త పైన ఉండి, సొంత డబ్బుతో ప్రీమియం కట్టే చిరుద్యోగికి అటు అడిప్ లేదు, ఇటు పాలసీ లేదు.

అసలు లోపం మన ఆరోగ్య బీమా పుట్టుకలోనే ఉంది. 24 గంటలు ఆసుపత్రిలో ఉండటం, లేదా డే కేర్ జాబితాలోని చికిత్స చేయించుకోవడం దానికి తెలిసిన అనారోగ్యం. మనిషి పడుకున్నప్పుడు మాత్రమే అతడు బీమా కంటికి ఆనుతాడు. డిశ్చార్జి అనుమతిని మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మేలో కంపెనీలను ఆదేశించిన నియంత్రణ సంస్థ, డిశ్చార్జి అయిన మనిషి ఇంటికి ఎలా నడిచి వెళ్తాడన్నది మాత్రం తన పరిధిలోకి రాదనుకుంటోంది. వికలాంగుల కోసం 2023 ఫిబ్రవరిలో నమూనా పాలసీ తెచ్చినప్పుడైనా ఈ చూపు మారాల్సింది.

నాలుగో అంశాన్ని రెండుగా విడదీయాలి. నడుము నొప్పికి దుకాణంలో కొనుక్కునే బెల్టు జాబితాలోనే ఉండనీయండి. వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి, ఎముకల వైద్యుడు చీటీ రాసి, కొలతలు తీసి చేయించిన క్యాలిపర్‌ను అందులోంచి తీసేసి, అడిప్ ఒప్పుకున్న మూడేళ్ల గడువునే పాలసీకీ వర్తింపజేయాలి.