ఉప్పాడలో కాపాడవలసింది రోడ్డునా, ఊరినా?

తుపాను హెచ్చరిక వెలువడగానే కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డుపై రాకపోకలు ఆపేయడం, కెరటాలు తగ్గాక లేచిపోయిన తారు పెళ్లలు తొలగించి గట్టు మీద మళ్లీ బండరాళ్లు గుమ్మరించడం ఏళ్ల తరబడి సాగుతున్న తంతు. రోడ్డు తెగితే అదే రోజు వార్త అవుతుంది, అధికారులు వస్తారు, అంచనాలు తయారవుతాయి. ఆ రోడ్డు పక్కనే ఓ అమావాస్య పోటుకు గోడ కూలి, మరో పౌర్ణమి పోటుకు పునాదితో సహా మాయమయ్యే మత్స్యకారుడి ఇల్లు మాత్రం ఏ శాఖ పద్దులోనూ సరిగా ఇమడదు. తీరాన్ని కాపాడతామని దశాబ్దాలుగా మాట ఇస్తున్న ప్రభుత్వాలు అసలు దేన్ని కాపాడదలచాయో ముందు తేల్చుకోవాలి.

జాందానీ చీరల వల్ల ఉప్పాడ పేరు దేశమంతటికీ తెలుసు. 2009లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే ఉప్పాడ మగ్గాల ఊరు ఎంతో, వలల ఊరూ అంతే. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టిన తెప్పల మీద వేటకు పోయిన కాలంలో ఊరికీ నీటికీ మధ్య విశాలమైన ఇసుక మేట ఉండేది. తెప్పలను విప్పి ఆరబెట్టింది, పదులమంది కలిసి ఒడ్డు నుంచి అలివి వల లాగింది, ఆడవాళ్లు చేపలు ఎండబెట్టి బేరాలు సాగించింది ఆ ఇసుక మీదే. తర్వాత నూలు వలల స్థానంలో నైలాన్ వలలు, తెప్పల స్థానంలో ఇంజిన్ బిగించిన ఫైబర్ బోట్లు వచ్చాయి. తాటాకు ఇళ్లు తగ్గి డాబాలు లేచాయి. ఇవన్నీ కష్టమో సుఖమో ఊరు తనంత తాను ఎంచుకున్న మార్పులు. ఇసుక మేట పోవడం అలాంటిది కాదు. పాత ఊరు ఎక్కడుండేదని అడిగితే ఇక్కడి పెద్దలు సముద్రం వైపు చెయ్యి చూపిస్తారు. తుపాను వెలిశాక ఒడ్డున బంగారు రేణువుల కోసం జనం ఇసుక జల్లెడ పట్టడాన్ని వింతగా చూపే కెమెరాలు, ఆ రేణువులు మునిగిపోయిన ఇళ్లవీ గుళ్లవీ అని స్థానికులు చెప్పే మాటను అంత శ్రద్ధగా వినవు.

సముద్రం ఒడ్డును తినేసే ఈ కోతకు మూలం ఉప్పాడలో లేదు. తూర్పు తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. గోదావరి తెచ్చిన ఒండ్రుతో కాకినాడ ఎదుట సుమారు రెండు శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన హోప్ ఐలాండ్, ఆ ఇసుకను తనలో నిలుపుకొని రేవుకు కవచమైంది. అదే ద్వీపం కొసన వంగిన కెరటాలు ఉత్తరాన ఉప్పాడ దగ్గర ఒడ్డును తాకుతున్నాయి. పోయిన ఇసుకను పూడ్చే కొత్త ఇసుక రావడం లేదు. ఎగువన కట్టిన జలాశయాలలో ఒండ్రు ఆగిపోయి నది సముద్రానికి మోసుకొచ్చేది తగ్గింది. రేవు కట్టడాలూ ఇసుక నడకను మార్చాయి. కాకినాడకు ప్రశాంతమైన రేవునిచ్చిన ఏర్పాటుకు మూల్యం పొరుగు పల్లె చెల్లిస్తోందన్న మాట.

దీనికి ఇంతవరకు దొరికిన మందు రాయి. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబులతో, అంటే గట్టి బట్ట గొట్టాలతో గట్టు వేశారు, అదీ కెరటాల ధాటికి చినిగి కుంగింది. గోడను తాకి వెనుదిరిగే కెరటం దాని అడుగున ఉన్న ఇసుకనే తోడుకుపోతుందని, గోడ ఆగిన చోట పక్క ఒడ్డును మరింత కోస్తుందని తీర శాస్త్రం ఎన్నడో చెప్పింది. ఉత్తరాన సుబ్బంపేట, కోనపాపపేటల మత్స్యకారులకు గోడ ఉప్పాడతో ఆగితే ఏమవుతుందన్న భయం ఊరికే పుట్టలేదు. పైగా రాళ్ల గుట్ట మీదకు బోటును లాగలేరు, అక్కడ వల పరవలేరు, చేప ఎండబెట్టలేరు. గోడ కట్టే ఇంజినీరుకు ఇసుక ఖాళీ స్థలం కావచ్చు, వేటగాడికి అది పని చేసే చోటు. 2020 నవంబరులో శంకుస్థాపన జరిగిన ఉప్పాడ ఫిషింగ్ హార్బర్ బోట్లకు నీడనిచ్చే మాట నిజమే, మేమూ దాన్ని కోరుకుంటున్నాం. కానీ హార్బర్ కోసం సముద్రంలోకి వేసే గట్లు కూడా ఇసుకను ఆపుతాయి. వాటికి ఉత్తరాన ఉన్న పల్లెల మీద పడే ప్రభావాన్ని ఏటా కొలిచి ప్రజల ముందు పెట్టే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించాలి.

నష్టపోయినవారికి చట్టం చేసిన అన్యాయం ఇంకా పెద్దది. తుపాను, వరద, సునామీ, కరవు వంటి 12 విపత్తులకు కేంద్రం సాయం నిబంధనలు ఉన్నాయి, ఆ జాబితాలో తీరపు కోతకు చోటు లేదు. తుపానులో కూలిన ఇంటికి పరిహారం రావచ్చు. మామూలు పోటుకు నెలనెలా కరిగిపోయిన ఇంటికి ఏమీ రాదు, ఇంటితో పాటు కింది నేలా పోయింది కాబట్టి మళ్లీ అక్కడ కట్టుకునే వీలూ లేదు. 15వ ఆర్థిక సంఘం ఈ లోపాన్ని గుర్తించి, 2021-26 కాలానికి కోత నివారణకు రూ.1,500 కోట్లు, కోతవల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి రూ.1,000 కోట్లు దేశవ్యాప్తంగా సిఫార్సు చేసింది. అలాంటి నిధి కోసం గట్టిగా అడగాలంటే రాష్ట్రం చేతిలో ముందు లెక్క ఉండాలి. ఏ ఏడాది ఏ వీధి పోయింది, ఎన్ని కుటుంబాలు ఎన్నిసార్లు ఇల్లు మార్చాయి అన్నది పట్టాలు ఉన్నా లేకపోయినా పాత గ్రామ పటాల ఆధారంగా, ఊరి పెద్దలను కూర్చోబెట్టుకొని నమోదు చేయాలి. పునరావాసం పేరిట సముద్రానికి ఐదారు మైళ్ల దూరాన లేఅవుట్ చూపిస్తే తెల్లవారుజామున వేటకు పోయేవాడు అక్కడ ఉండడు, మళ్లీ గట్టు పక్కకే వచ్చి పాక వేసుకుంటాడు. బోటు కట్టేసిన చోటికి నడిచి వెళ్లగలిగే దూరంలో స్థలం సేకరించి, దాన్ని ఇంటి ఆడవాళ్ల పేర రాసివ్వాలి. రక్షణ గోడకు తదుపరి టెండరు పిలిచేలోపే ఈ నమోదు పూర్తిచేసి, జాబితాను ఉప్పాడ గ్రామసభ ముందు చదివి వినిపించాలి.