‘స్పానర్ తిప్పే కొలువు’ అంటూ తిరుగుతున్న సందేశంపై ఖండన

మిత్రులు మళ్లీ మళ్లీ పంపుతున్న ఆ సందేశాన్ని ఇక చూసీ చూడనట్టు వదిలేయడం నావల్ల కావడం లేదు. సైనిక విమానాల నిర్వహణ, మరమ్మతు కొలువుల్లో చేరాలనుకునే పిల్లలకు చేదు నిజాలు చెబుతున్నామంటూ అందులో రాసినవి ఇవి: అది స్పానర్ తిప్పే పని, తెలివి అక్కరలేదు, కొత్త విమానాలు తమ లోపాలను తామే చెప్పుకుంటాయి, డ్రోన్లు వచ్చాక ఈ కొలువులు ఉండవు, సైన్యం వదిలాక ఆ అనుభవం చెల్లని కాసు, ఒళ్లు హూనమవుతుంది, తప్పు జరిగితే నోరు మెదపకపోవడమే ఉద్యోగం నిలబెట్టుకునే మార్గం. ఈ చివరి సలహా లేకపోతే నేను జవాబు రాసేవాడినే కాదు.

స్పానర్ తిప్పడం ఈ పనిలో ఉన్న మాట నిజమే. అయితే ఎంత బలంతో తిప్పాలో, ఆపైన బోల్టు ఊడిపోకుండా కట్టే లాకింగ్ వైరును ఏ వైపుకు బిగించాలో, భాగాన్ని విప్పకుండానే లోపలి పగులును ఎలా పసిగట్టాలో నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. 2007 నవంబరు 2న అమెరికాలోని మిస్సోరీ మీద అభ్యాస పోరాటంలో ఉన్న ఎఫ్-15 యుద్ధవిమానం గాలిలోనే రెండు ముక్కలైంది. విమానం ఒంటికి నిలువునా ఆధారంగా ఉండే లాంజెరాన్ అనే లోహపు కమ్మీ తయారీలోనే ఉండవలసిన మందం కంటే పలుచగా వచ్చిందని, అక్కడ మొదలైన పగులు క్రమంగా పెరిగిందని దర్యాప్తులో తేలింది. మిగతా ఎఫ్-15లను నేలపై నిలిపి పరీక్షిస్తే మరికొన్నింటిలోనూ అటువంటి పగుళ్లు దొరికాయి. కంటికి కనిపించని పగులును ఎడ్డీ కరెంటు (లోహంలో పుట్టించే విద్యుత్ సుడులు)తోనో అల్ట్రాసౌండుతోనో వెతికి, తెర మీది గీత కదలికను చదివి, విమానం ఎగరవచ్చో లేదో తేల్చే మనిషికి తెలివి అక్కరలేదని అనడానికి ఎంత తెలియనితనం కావాలి?

విమానం తన లోపాన్ని తానే చెప్పుకుంటుందన్న మాట సగమే నిజం. ఏ ఎలక్ట్రానిక్ పెట్టె నుంచి సంకేతం సరిగా రావడం లేదో ఫాల్ట్ కోడ్ (విమానం కంప్యూటరు చూపే లోపం సంకేతం) చెబుతుంది గాని, ఆ పెట్టె చెడిందా, దాని కనెక్టర్‌లో తేమ చేరిందా, లేక ఎక్కడో ఒక క్లాంపు కింద వైరు ఒరుసుకుపోయిందా అన్నది చెప్పదు. పైగా గాలిలో కనిపించిన లోపం నేల మీద మళ్లీ కనిపించకపోవడం ఈ వృత్తిలో అందరికీ అనుభవమే. పెట్టె మార్చి పంపితే అదే లోపం తిరిగి రావడమూ అనుభవమే. తనను తాను పరీక్షించుకుంటుందని పేరున్న ఎఫ్-35 యుద్ధవిమానాన్నే తీసుకుందాం. 2023 మార్చిలో అమెరికా ఎఫ్-35లలో అప్పగించిన పనికి సిద్ధంగా ఉన్నవి సుమారు 55 శాతమేనని ఆ దేశ ప్రభుత్వ ఖర్చులను, పనితీరును తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ నివేదించింది. మరమ్మతు కోసం ఎదురుచూస్తున్న భాగాలు 10,000 దాటాయని, సాంకేతిక సిబ్బందికి శిక్షణ చాలడం లేదని కూడా అదే నివేదికలో ఉంది. మనుషులు అక్కరలేని విమానమే అయితే మనుషుల శిక్షణ గురించి ఈ ఆందోళన ఎందుకు?

డ్రోన్ల మాటకు ఎక్కువ సమయం అక్కరలేదు. ఎంక్యూ-9 అనే సైనిక డ్రోన్‌లో పైలట్ కూర్చోడు గాని, దాని టర్బోప్రాప్ ఇంజిను, బ్రేకులు, ఇంధన గొట్టాలు వాటంతట అవి బాగుపడవు. పాత విమానాలూ తొందరగా పోవడం లేదు: 1962లో చివరిది అప్పగించిన బీ-52 బాంబర్లకు కొత్త ఇంజిన్లు అమర్చి 2050ల దాకా నడపాలని అమెరికా వైమానిక దళం పూనుకుంది.

బయట ఈ అనుభవం చెల్లదన్నదీ సరికాదు. అమెరికా పౌర విమానయాన నిబంధనల్లో ఎయిర్‌ఫ్రేమ్ (విమానపు ఒళ్లు), పవర్‌ప్లాంట్ (ఇంజిను) మరమ్మతు లైసెన్సు రేటింగుల్లో ఒకదానికి 18 నెలలు, రెండింటికీ కలిపి 30 నెలలు తగిన పని అనుభవం చూపితే పరీక్షలకు అర్హత వస్తుంది. సైన్యంలో చేసిన పనిని ఆ అనుభవంగా చూపవచ్చు. లైసెన్సు మాత్రం దానంతట అది చేతికి రాదు; రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలు నెగ్గవలసిందే. ఎజెక్షన్ సీట్లకో ఆయుధాల అమరికకో పరిమితమైనవారు అదనంగా చదువుకోక తప్పదు. చేసిన ప్రతి పనికీ మొదటి రోజు నుంచి రికార్డు ఉంచుకొమ్మని ఆ సందేశం చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఒళ్లు హూనమవుతుందన్న మాటను నేను కాదనను. అసలు దాన్ని తక్కువ చేసి చెప్పారు. జెట్ ఇంజిన్ల హోరు చెవులను, తుప్పు పట్టకుండా పూసే క్రోమేట్ ప్రైమరు దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఆస్ట్రేలియాలోని ఆంబర్లీ స్థావరంలో 1970ల చివరి నుంచి ఎఫ్-111 యుద్ధవిమానాల ఇంధన ట్యాంకుల్లోకి దూరి, ఇంధనం కారకుండా పూసిన పాత సీలెంటును రసాయనాలతో తొలగించి కొత్తది పూసిన సిబ్బందిలో అనేకులు జబ్బుపడ్డారు. 2000లో ఆ పనిని నిలిపివేసి విచారణ జరిపారు, తర్వాత పరిహారమూ ప్రకటించారు. చేరేవారు ఈ సంగతి తెలుసుకునే చేరాలి.

ఇక ఆ చివరి సలహా. పనిముట్టు కనిపించకపోతే చెప్పవద్దట, పైవాడు సంతకం పెట్టమంటే పెట్టేయాలట, తెలిసిన కిటుకును తన దగ్గరే ఉంచుకోవాలట! 2023 మార్చిలో అరిజోనాలోని లూక్ స్థావరంలో ఒక ఎఫ్-35 ఇంజిన్‌ను నేలపై నడిపి చూస్తుండగా, గాలి దారిలో మరిచిపోయిన టార్చిలైటును అది లోపలికి లాక్కుంది. నష్టం దాదాపు 40 లక్షల డాలర్లు. పనికి ముందూ తర్వాతా పనిముట్లు లెక్కపెట్టేది ఇందుకే. ఒకటి తగ్గిందని చెబితే విమానం ఆగుతుంది, ప్యానెళ్లు విప్పి వెతుకుతారు, చెప్పినవాడు నాలుగు మాటలు పడతాడు. చెప్పకపోతే ఆ వస్తువు కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కుని పైలట్‌తో పాటు పైకి లేస్తుంది. ఇక సంతకం సంగతి: 2017 జులై 10న అమెరికాలోని మిసిసిపీలో కేసీ-130టీ సైనిక విమానం కూలి 16 మంది మరణించారు. 2011లో ఓవర్‌హాల్‌కు (విప్పి పూర్తిగా బాగుచేయడానికి) వచ్చినప్పుడు తొలగించకుండా వదిలేసిన తుప్పు ప్రొపెల్లర్ బ్లేడును ఆరేళ్ల తర్వాత విరగ్గొట్టింది. బ్లేడు బాగుందని ఒప్పుకున్న కాగితం తుప్పును ఆపలేదు.

కిటుకు దాచుకోమనడం మరీ దారుణం. 2008 ఫిబ్రవరి 23న గ్వామ్‌లో పైకి లేస్తూనే కూలిన అమెరికా బీ-2 బాంబర్ విలువ సుమారు 140 కోట్ల డాలర్లు. పైలట్లిద్దరూ ఎజెక్షన్ సీట్లతో బయటపడ్డారు. గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్లలో తేమ ఉండగానే వాటిని క్యాలిబ్రేట్ చేయడంతో (కొలతను సరిచేయడంతో) కంప్యూటర్లకు తప్పుడు లెక్కలు అందాయి. ముందుగా హీటర్లు వేసి తేమను ఆవిరి చేయాలని కొందరు సిబ్బంది 2006లోనే గ్రహించారు, కానీ ఆ పద్ధతి సాంకేతిక ఆదేశాల్లోకి ఎక్కలేదు, అందరికీ చేరలేదు. వాళ్లెవరూ దాన్ని కావాలని దాచుకోలేదు. రాతలోకి ఎక్కకపోవడమే ఇంత నష్టం చేసింది. అలాంటిది, కావాలనే దాచుకొమ్మని పిల్లలకు నూరిపోస్తారా?

నిజం చెప్పినవాడే బలయ్యే చోట్లు ఉన్నాయి. 2006లో ఆఫ్ఘనిస్తాన్ మీద బ్రిటన్ నిఘా విమానం నిమ్రాడ్ మంటల్లో 14 మంది మరణించాక, 2009లో న్యాయవాది చార్లెస్ హాడన్-కేవ్ సమర్పించిన సమీక్ష, లోపాన్ని భయం లేకుండా నివేదించగల వాతావరణం కావాలని స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత 2010లో బ్రిటన్ సైనిక విమానాల భద్రతను చూసే మిలిటరీ ఏవియేషన్ అథారిటీని నెలకొల్పింది. కొత్తగా చేరేవారు తమ స్క్వాడ్రన్‌లో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి: లోపాన్ని ఎవరికి, ఏ ఫారంలో తెలపాలి, పేరు బయటపడకుండా చెప్పే దారి ఉందా, సంతకం పెట్టనంటే ఆ అభ్యంతరాన్ని ఎక్కడ నమోదు చేయాలి.