సవరణ: గండిపేట చేపల పోస్టులో రెండు తప్పులు రాశాను

మొన్న హైదరాబాద్ దగ్గరి గండిపేట చెరువు చేపల గురించి పెట్టిన పోస్టులో తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది మేత కోసమే అని రాసేశా, అది తప్పు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నాచు, మొక్కలు ఆక్సిజన్ తయారు చేయకపోగా అవి కూడా వాడేసుకుంటాయి, అలా తగ్గీ తగ్గీ సరిగ్గా సూర్యుడొచ్చే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అందుకే చేపలు పైకొచ్చి గుటకలు వేస్తాయి. రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే ఇంకా ఘోరం. కొర్రమీను సంగతి వేరే, దానికి గాలి పీల్చడం పుట్టుకతోనే ఉంది, ఏ టైములోనైనా పైకొస్తుంది.

ఇంకోటి, బొచ్చె (కట్ల చేప) నీటి అడుగున మేత తింటుందని రాశా. రాంనగర్ మార్కెట్లో ఈ మాటంటే చేపలమ్మే అక్క నవ్వేసి "దాని నోరు చూడు తమ్ముడూ, పైకి తిరిగి లేదా?" అంది. నిజమే, బొచ్చె పైన, రోహు మధ్యలో, మ్రిగాల అడుగున తింటాయి. పరువు పోయింది, బొచ్చె మాత్రం కిలోన్నర కొనుక్కొచ్చా.

వానాకాలం చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయని ఆ పోస్టులో రాసింది మాత్రం కరెక్టే. గండిపేట 1920లో మూసీ మీద కట్టింది కదా, పైనుంచి కొత్తనీరు రాగానే చేపలు ఆ వాగుల వైపే పోతాయి. రోహు, బొచ్చె లాంటివి కదలని నీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు, అందుకే చెరువుల్లో ఏటా పిల్లల్ని వదులుతారు. పాత పోస్టు కూడా మార్చేశా.