పిల్లల ప్రాజెక్టుల్లో పిల్లల జోక్యం

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పూర్తి చేసి ఈ జూన్‌లో నేను ఒకటో తరగతిలోకి వచ్చాను. మా అమ్మాయి కూడా నాతోపాటే ప్యాసయింది. ఇన్నేళ్ల అనుభవం ఉంది కాబట్టి విద్యాశాఖ పెద్దలకు ఒక విషయం విన్నవించుకునే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. పిల్లల ప్రాజెక్టుల్లో పిల్లల జోక్యం శ్రుతి మించుతోంది. దీన్ని ఇప్పుడే అరికట్టకపోతే రేపు వాళ్లు రంగులు కూడా వాళ్లే వేస్తామంటారు.

ఆధారాలు లేకుండా నేను మాట్లాడను. ఈ వేసవి సెలవుల ప్రాజెక్టే తీసుకోండి. 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్. థీమ్: మన రాష్ట్రం. పిల్లలు స్వయంగా చేయాలి' అని క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్‌లోనే పెట్టారు. ఆ చివరి వాక్యాన్ని తల్లిదండ్రులెవరూ పట్టించుకోరు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మలాగా అదొక లాంఛనం. బడి తెరవడానికి రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిదిన్నరకి, అన్నం తింటూ తింటూ మా చిట్టి గుర్తు చేసింది.

"నాన్నా, నీ ప్రాజెక్టు అయిపోయిందా?"

పిల్ల అమాయకంగా అడిగినా, ప్రాజెక్టు ఎవరిదన్న విషయంలో దానికి ఎంత స్పష్టత ఉందో గమనించండి. ఈ స్పష్టత పొద్దున్నకల్లా ఎటు పోతుందో నాకు అర్థం కాదు.

మేము ఉండేది విజయవాడలో. మన రాష్ట్రం అనగానే కొండపల్లి బొమ్మ చేద్దామని నేను నిర్ణయించాను. తాటిచెట్టు, దాని మీదకు ఎక్కుతున్న గీత కార్మికుడు. కొండపల్లి బొమ్మల్లో ప్రతి ఇంటి షోకేసులోనూ కనబడేది అదే. కొండపల్లి మా ఇంటికి పాతిక కిలోమీటర్లు కూడా లేదు. అక్కడికి తీసుకెళ్తే తెల్ల పొణికి కర్రను ఎలా చెక్కుతారో, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ ఎలా అతికిస్తారో పిల్ల చూస్తుంది కదా అని మా ఆవిడ అంది. చూస్తే ఏమొస్తుంది? చూసిన దాన్ని స్టాండు మీద నిలబెట్టి స్కూలుకు తీసుకెళ్లగలమా? నేను ఫోన్‌లో ఫొటో డౌన్‌లోడ్ చేశాను. అందులో చెట్టు ఇంకా నిటారుగా ఉంది.

ఇక వ్యర్థాల సేకరణ. చెత్త ఉచితంగా దొరుకుతుందని అనుకునేవాళ్లు ప్రాజెక్టులు చేయనివాళ్లు. చెట్టు మానుకు అట్ట గొట్టాలు కావాలి. కిచెన్ టిష్యూ రోళ్లు నాలుగు కొని, కాగితమంతా విప్పేసి, లోపలి గొట్టాలు తీసుకున్నాం. విప్పిన కాగితం రెండు బకెట్లు నిండింది. ఆకులకు వాడేసిన ఐస్‌క్రీమ్ పుల్లలు కావాలి. వాడేసినవి ఒకే సైజులో ఉండవు కాబట్టి, వాడనివి వంద పుల్లల ప్యాకెట్ కొన్నాను. కల్లు కుండకు పాత సీసా మూత కావాలి. మూత నల్లగా ఉండాలన్న ఒక్క కారణంతో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా కొని, మా ఆవిడా నేనూ రాత్రి పదకొండింటికి కూర్చుని తాగాం. పిల్లకు ఇవ్వలేదు, దగ్గొస్తుంది. గ్లూ గన్, దాని కడ్డీలు, ఆకుపచ్చ గ్లిట్టర్ కూడా కలుపుకుంటే మొత్తం చెత్త ఖర్చు పదకొండు వందల నలభై రూపాయలు అయింది. అసలు కొండపల్లి తాటిచెట్టు ఇంతకన్నా తక్కువకే వస్తుంది, నిజమే. అది వ్యర్థం కాదు కదా.

స్టాండుకు థర్మోకోల్ కావాలి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అందుకని స్టేషనరీ షాపాయన అటూ ఇటూ చూసి, లోపలి గదిలోకి వెళ్లి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చిచ్చాడు. "ప్రాజెక్టుకేనా సార్?" అని గొంతు తగ్గించి అడిగాడు. అవునన్నాను. "అయితే పర్లేదు" అన్నాడు. పోయినేడు పర్యావరణ దినోత్సవానికి కూడా ఆయన దగ్గరే తీసుకుని భూగోళం చేశాను. మొత్తం థర్మోకోల్. మీద 'భూమిని కాపాడుదాం' అని గ్లిట్టర్‌తో రాశాను. బహుమతి వచ్చింది.

సరే, పని మొదలయింది. జోక్యం కూడా అక్కడే మొదలయింది. చిట్టి పక్కన కూర్చుని, ఆకులు నీలం రంగులో ఉండాలంది. తాటాకు నీలంగా ఉండదమ్మా అని నెమ్మదిగానే చెప్పాను. రాత్రిపూట చెట్టు అయితే ఉంటుందట. తర్వాత చెట్టెక్కే మనిషి స్థానంలో నానమ్మను పెట్టమంది. నానమ్మకు మోకాళ్ల నొప్పులు అన్నాను. అందుకే కింద నిచ్చెన వేయమంది. గ్లూ గన్ ముట్టుకోబోతే "ముట్టుకోకు, కాలుతుంది" అని అరిచాను. ఆ అరవడంలో నాకే కాలింది. బొటనవేలి మీద బొబ్బ లేచింది. బాధ్యత గల తండ్రులకు దీని గురించి చెప్పనక్కర్లేదు. మా ఆఫీసులో జూన్ నెలలో ఎవరి బొటనవేలు చూసినా పిల్లలు ఏ క్లాసో చెప్పేయొచ్చు.

పన్నెండు గంటలకి, ఆఖరి ఆకు అతికించాక, కళ్లు నులుముకుంటూ పిల్ల ఒక ప్రశ్న వేసింది.

"నాన్నా, ఈ చెట్టుకి ముంజలేవి?"

ఫొటోలో లేవు. అదే చెప్పాను. "ముంజలు లేకపోతే తాటిచెట్టని ఎలా తెలుస్తుంది?" అంది. కింద లేబుల్ ఉంటుందన్నాను. ఒప్పుకోలేదు. ఏడుస్తూ వెళ్లి మా అమ్మ పక్కలో పడుకుంది. నా ఇంట్లో ప్రమాణాల పతనం ఆ క్షణంలో మొదలైందని తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి మా అమ్మ పిల్లను వెంటేసుకుని రోడ్డు మీదికి వెళ్లింది. ముంజలు అమ్మే అతని దగ్గర బేరమాడి అరడజను కాయలు తలకాయలు కొట్టించి తెచ్చింది. అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఇద్దరూ బొటనవేలితో ముంజలు పెళ్లగించుకుని తిన్నారు. గౌను ముందంతా నీళ్లు. స్పూన్ ఉంది కదమ్మా అని నేను పైనుంచి అంటే, "ఒరేయ్, స్పూన్‌తో ముంజ ఎవడు తింటాడ్రా!" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తిన్న కాయల్లోంచి సమానంగా ఉన్న రెండు ఏరి, వాటి మధ్యలో వెదురు పుల్ల గుచ్చింది. వాచ్‌మన్‌ను పిలిచి గేటు పక్క వేపచెట్టు నుంచి పంగలకర్ర ఒకటి కోయించింది. ఆ పంగను ఇరుసు మీద ఆనించి పిల్ల చేతికిచ్చింది. అంతే. పది నిమిషాలు పట్టింది. గ్లూ లేదు, గ్లిట్టర్ లేదు, రిఫరెన్స్ ఫొటో లేదు. పిల్ల దాన్ని తోసుకుంటూ సెల్లారు మొత్తం తిరిగింది.

నాకు వచ్చిన సందేహాలను నేను రాతపూర్వకంగానే మా అమ్మ ముందుంచాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలను ఐఎస్ఐ మార్కు లేకుండా అమ్మకూడదని 2021 జనవరి 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. హస్తకళాకారులుగా నమోదైనవాళ్లు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కొండపల్లికి సరిపోతుంది. అంకుడు కర్రను లక్క రంగులతో తిప్పే ఏటికొప్పాకకు సరిపోతుంది. మా అమ్మ ఏ రిజిస్టరులోనూ లేదు. "నేనేమన్నా అమ్ముతున్నానట్రా?" అని ఆవిడ అడిగింది. అది సాంకేతిక కారణం. అసలు సమస్య అది కాదు. ఈ బండి నాలుగో రోజుకు ఎండిపోతుంది, అయిదో రోజుకు చీమలు పడతాయి. నా తాటిచెట్టు నాలుగు వందల ఏళ్లయినా భూమిలో కలవదు.

ఈ తరహా బాధ్యతారాహిత్యం పెద్దపెద్ద వాళ్లలోనూ ఉంది, ఒక్క మా అమ్మనే అని లాభం లేదు. అరవింద్ గుప్తా అని ఒకాయన, ఐఐటీ కాన్పూరులో ఇంజినీరింగ్ చదివాడు. ఎంచక్కా ఉద్యోగం చేసుకుంటూ తన పిల్లల ప్రాజెక్టులు తను చేసుకోవాల్సిన మనిషి. పోయి పోయి అగ్గిపుల్లలు, సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలు, చిత్తుకాగితాలతో ఆటవస్తువులు చేయడం కనిపెట్టి, ఆ పద్ధతి దేశంలో పిల్లలందరికీ చెప్పేశాడు. పిల్లలకు! 2018లో ఆయనకు పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇక 2020 జాతీయ విద్యా విధానం చూడండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను ఏదో ఒక దశలో పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గరికి పని నేర్చుకోవడానికి పంపమంది. పిల్లలనే. రాత్రుళ్లు మేల్కొని ఈ దేశపు అగ్నిపర్వతాలు, సౌర కుటుంబాలు, వర్షపు నీటి ఇంకుడు గుంతలు తయారు చేస్తున్న తండ్రుల గురించి ఒక్క ముక్క లేదు.

ప్రదర్శన రోజు వచ్చింది. హాలంతా కలయతిరిగాను. ఒకటో తరగతి విద్యార్థుల ప్రతిభ చూసి ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే. ఒక పాప ఎల్ఈడీ బల్బుల శ్రీశైలం గోపురం తెచ్చింది. ఇంకో బాబు చేసిన తిరుమల ఘాట్ రోడ్డు మీద బొమ్మ బస్సు దానంతటదే ఎక్కుతోంది. అన్నిటికన్నా ప్రకాశం బ్యారేజీ ముందు జనం గుమిగూడారు. 1957లో కట్టిన అసలు దానికి డెబ్బై గేట్లు. దీనికీ డెబ్బై. నేను లెక్కపెట్టాను, ఈర్ష్యతో రెండుసార్లు లెక్కపెట్టాను. మీట నొక్కితే గేట్లు లేస్తాయి, నీళ్లు పారతాయి. ఆ బాబు తండ్రి కాంట్రాక్టులు చేస్తాడట.

"ఎంత బాగా చేశావు నాన్నా! ఈ గేట్లు ఎలా పెట్టావు?" అని మేడమ్ ముచ్చటగా అడిగింది.

"మేస్త్రీ అన్న వచ్చాడు మేడమ్. మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. చికెన్," అన్నాడు వాడు.

నేను చెప్పే జోక్యం సరిగ్గా ఇదే. లక్ష జాగ్రత్తలు తీసుకుని, లేబుల్ మీద వాడి పేరు ప్రింటు తీయించి అతికించిన తండ్రి ముఖం అప్పుడు చూడలేకపోయాను. మా వంతు వచ్చేసరికి నేను చిట్టి వెనకే నిలబడి భుజం మీద చెయ్యి వేసుకున్నాను. మేడమ్ చెట్టు గురించి అడిగింది. దారిలో ఆటోలో నేర్పించిన నాలుగు వాక్యాలు నేర్పించినట్టే చెప్పింది. నేను ఊపిరి పీల్చుకుంటుండగా, అయిదో వాక్యం సొంతంగా కలిపింది. "దీనికి ముంజలు లేవు మేడమ్. ముంజలున్నది మా సెల్లార్లో ఉంది."

కాబట్టి నా విన్నపం చాలా చిన్నది. ప్రాజెక్టు లేబుల్ మీద విద్యార్థి పేరు, తండ్రి పేరు అని కాకుండా చేసినవారి పేరు, చూసినవారి పేరు అని ముద్రించాలి. పని జరిగే చోటుకి పిల్లలను ఆరడుగుల దూరంలో ఉంచాలి. సమర్పించే రోజు వాళ్లను ఏ ప్రశ్నా అడగకూడదు. అడగక తప్పదనుకుంటే మమ్మల్ని అడగండి, నాలుగు వాక్యాలూ మాకు వచ్చు. ఏడాదికి నాలుగు రోజులు ప్రాజెక్టు సెలవు ఇప్పిస్తే మరీ మంచిది. మేస్త్రీలను ప్రత్యేక విభాగంలో పోటీకి పెట్టాలన్నది నా వ్యక్తిగత అభిప్రాయం. ఇందులో ఈర్ష్య ఏమీ లేదు.

ఫలితాలు సాయంత్రానికి వచ్చాయి. బడి నుంచి రాగానే చిట్టి సంచి సోఫాలో పడేసి మా అమ్మకు చెప్పింది.

"నానమ్మా, మేస్త్రీ అన్నకి ఫస్ట్ వచ్చింది. నాన్నకి సెకండ్."

"మరి నీకేమొచ్చిందే బంగారం?"

"నేను పోటీలో లేనుగా నానమ్మా," అని బాల్కనీలో ఉన్న బండి తీసుకుని కిందికి పరిగెత్తింది. కాయలు అప్పటికే మూడోసారి మార్చారు. సెల్లార్లో దాని వంతు కోసం బ్యారేజీ బాబుతో సహా ఆరుగురు క్యూలో ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు. లిఫ్టులోకి తాటికాయ బండ్లు తేరాదని నేను అసోసియేషన్‌కు పెట్టిన అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.