ఫారం నింపడానికి 30 వేలా బాబూ!

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇందాక ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం చూస్తే ఒళ్ళు మండిపోయింది. ‘అమెరికా సిటిజన్‌షిప్ ఫారం నింపబడును. 30 వేలు. గ్యారంటీ.’

గ్యారంటీ ఏటండీ? పౌరసత్వం ఇచ్చేది యూఎస్‌సీఐఎస్ అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడి మేయరే గ్యారంటీ ఇవ్వలేడు, జిరాక్సు షాపు పక్కన కుర్చీ ఏసుకున్న ఈయన ఇచ్చేస్తాడంట.

ఆ మేయర్లు చేసే పని వేరు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో పబ్లిక్ లైబ్రరీకెళ్తే ఎన్-400 ఫారానికి, అంటే ఈ పౌరసత్వం దరఖాస్తుకే, ఉచితంగానే సాయం దొరుకుతుంది. ఆ రెండు నగరాలూ షికాగోతో కలిసి 2014లో ‘సిటీస్ ఫర్ సిటిజన్‌షిప్’ అని ఇలాంటి సాయానికే ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి కూడా. ఈ ఫారం వేసే పెద్దవాళ్ళ పిల్లలు అక్కడే ఉంటారు కదా, ఒక్క శనివారం అమ్మానాన్నల్ని కారెక్కించి అలాంటి చోటికి తీసుకెళ్ళలేరా? అబ్బే, ఊళ్ళో 30 వేలు పోస్తేనే పరువు.

ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఆదాయం తక్కువుంటే 380, మరీ తక్కువైతే పూర్తి మాఫీ. ఈ ముక్క కరపత్రం ఆయన చెప్తాడా? చెప్తే 30 వేలు అడగడానికి నోరెలా వస్తుంది?

పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్రమ్మంటాడు ముందు. గ్రీన్‌కార్డు మీద 5 ఏళ్ళు నిండి వేసేవాళ్ళని మామూలుగా అది అడగనే అడగరు. అడిగేది ప్రయాణాల లెక్క. ఆ 5 ఏళ్ళలో 24 గంటలు దాటి దేశం బయట ఉన్న ప్రతిసారీ వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ రాయాలి. మొత్తమ్మీద 30 నెలలు అక్కడే ఉండి తీరాలి. మనోళ్ళు బోల్తా పడేది ఇక్కడే. సంక్రాంతికొచ్చిన అమ్మ విజయనగరం సిరిమాను చూసి గాని విమానం ఎక్కదు. 6 నెలలు దాటిందంటే నివాసం తెగినట్టే లెక్కేస్తారు, తెగలేదని రుజువులు మనమే చూపించుకోవాలి. ఏడాది దాటితే ఇంక చెప్పక్కర్లేదు.

పరీక్ష సంగతీ అంతే. 2025 అక్టోబరు 20 నుంచి ఫారం వేసినవాళ్ళకి అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. వయసు 55 దాటి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష లేదు, దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు. మొన్న మొన్న కార్డొచ్చిన ముసలాళ్ళకి ఆ వెసులుబాటు ఎక్కడిది? వాళ్ళకీ ‘గ్యారంటీ’యే!

సరే, 30 వేలు పోతే పోయాయి. అసలు కడుపుమంట వేరే ఉంది. అక్కడ ప్రమాణం చేసిన రోజే 1955 చట్టం 9వ సెక్షన్ కింద మన పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి. ఇక్కడ ఓటు ఉండదు. విదేశీ పౌరులైపోయిన మనోళ్ళకి భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నా సాగు భూమి కొనడానికి లేదు. పలాసలో తాతల నాటి జీడితోట వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, పక్కన అరెకరం కలుపుకుందామంటే కుదరదు. అడ్వాన్సులిచ్చేశాక లబోదిబోమంటారు. ఇంటింటి లెక్కా రాసుకునే సచివాలయాలున్నాయి గదా, గోడకి ఒక్క కాగితం అంటించడానికి ఏటి రోగం?

కరపత్రం వెనక్కి తిప్పి కూడా చూశాను. భూమి సంగతి లేదు, ఓటు సంగతి లేదు. ఫోన్ నంబర్లు మాత్రం మూడున్నాయి.